తొలి క్రైస్తవం మీద పరిశోధన చేసేవాళ్లు బయట జనంతో ఎలా మాట్లాడాలి?

నీలిసిరా

నా సబ్జెక్ట్ తొలి క్రైస్తవం, ముఖ్యంగా 2, 3 శతాబ్దాలు. గ్రీకు, కాప్టిక్ (పాత ఈజిప్టు క్రైస్తవుల భాష) రాతప్రతులతో పని. ఇన్నాళ్లూ రాసిందంతా జర్నల్స్‌కే. ఈమధ్య బయటివాళ్ల కోసం కూడా ఆన్‌లైన్‌లో మాట్లాడుతున్నాను, పత్రికలకి చిన్న వ్యాసాలు ఇస్తున్నాను. మొన్న రోమన్ చక్రవర్తి డీసియస్ కాలంలో క్రైస్తవుల మీద జరిగిన హింస గురించి మాట్లాడితే మూడు వైపుల నుంచీ అక్షింతలు పడ్డాయి.

డిపార్ట్‌మెంట్‌లో ఒక సీనియర్ "ఈ వీడియోలు మానేసి పుస్తకం పూర్తి చేసుకో, ఉద్యోగానికి ఇవేవీ లెక్కలోకి రావు" అన్నారు. విశ్వాసులు కొందరు "మా హతసాక్షులు ప్రాణాలిచ్చింది అబద్ధమంటావా" అని కామెంట్లు పెట్టారు. నేను ఆ మాట అనలేదు. ఇంకో పక్కనుంచి "అసలు యేసే లేడని చెప్పడానికి భయమెందుకు" అని నిలదీశారు. ఆ రోజు టాపిక్ యేసు కాదు మొర్రో అన్నా వినరు.

తిట్లు భరిస్తాను. నా మనసుని తినేస్తున్నది వేరే. జర్నల్‌లో రాసేటప్పుడు ప్రతి వాక్యానికీ ఒక "బహుశా" ఉంటుంది, కింద ఒక ఫుట్‌నోట్ ఉంటుంది. మామూలు జనం ముందు అవన్నీ తీసేస్తే మాట సాఫీగా సాగుతుంది, కానీ నాకు తెలిసినదానికన్నా ఎక్కువ తెలిసినట్టు మాట్లాడుతున్నానన్నమాట. ఉంచితే సగంమంది లేచిపోతారు. రెండు చోట్లా ఒకే నిజం చెప్పే పద్ధతి ఏదైనా ఉందా? ఇలా మాట్లాడేవాళ్లూ చెప్పండి, వినేవాళ్లూ చెప్పండి.

రెండోడ్రాఫ్ట్

ఫాలో అవుతున్నా. పీహెచ్‌డీ నడుస్తోంది, సేమ్ టెన్షన్.

సూటిమాట

నా మాట కఠినంగా ఉంటే ఏమనుకోకండి. ముందు జర్నల్, తర్వాతే జనం. ఈ వరస తప్పితే ఏమవుతుందో 2012లో చూశాం కదా. హార్వర్డ్ ప్రొఫెసర్ కరెన్ కింగ్ రోమ్‌లో కాప్టిక్ పండితుల సదస్సులో ఒక పాపిరస్ (ఈజిప్టులో రెల్లుతో చేసిన పాతకాలపు కాగితం) ముక్క గురించి ప్రకటించారు. విజిటింగ్ కార్డంత ముక్క. అందులో "యేసు వారితో అన్నాడు, నా భార్య" అన్నచోట వాక్యం తెగిపోతుంది. అంతే, ప్రపంచమంతా హెడ్‌లైన్లు. 2016లో ఒక జర్నలిస్టు ఆ ముక్క ఎవరి చేతుల మీదుగా వచ్చిందో తవ్వి తీశాక, అది నకిలీ అయ్యే అవకాశమే ఎక్కువని ఆవిడే ఒప్పుకోవాల్సి వచ్చింది. మొదటి హెడ్‌లైన్ చదివినవాళ్లలో ఎంతమంది ఆ రెండో వార్త చదివుంటారు?

పాతకాగితం

సూటిమాట గారూ, మీరు చెప్పింది సగం కథే. కింగ్ అప్పుడే తన వ్యాసం డ్రాఫ్టునీ, ముక్క ఫొటోలనీ ఆన్‌లైన్‌లో పెట్టేశారు. యేసుకి పెళ్లయిందనడానికి ఇది రుజువు కాదని మొదట్లోనే చెప్పారు కూడా. ఫొటోలు అందరి ముందూ ఉండబట్టే గుట్టు రట్టయింది. కొద్దిరోజుల్లోనే డరమ్ ప్రొఫెసర్ ఫ్రాన్సిస్ వాట్సన్, ఇందులో మాటలు బైబిల్లో లేని తోమా సువార్త నుంచి ముక్కలు ముక్కలుగా తెచ్చి అతికించినవే అని వాదించారు. తర్వాత ఆండ్రూ బెర్న్‌హార్డ్ ఇంకో అడుగు ముందుకేశారు. తోమా సువార్తకి ఇంటర్నెట్‌లో ఒక పీడీఎఫ్ దొరుకుతుంది, కాప్టిక్ మాట కింద ఇంగ్లిష్ మాట ఉంటుంది. అందులో ఒకచోట ఒక్క అక్షరం ఎగిరిపోయింది. ఈ "ప్రాచీన" ముక్కలోనూ సరిగ్గా అదే అక్షరం లేదు.

ఇక జర్నల్ సంగతి చెప్తాను వినండి. 2014లో ఆ వ్యాసం పేరున్న జర్నల్‌లోనే, ల్యాబ్ రిపోర్టులతో సహా అచ్చయింది. కార్బన్ పరీక్షలో పాపిరస్ పాతదేనని వచ్చింది, సిరాలోనూ తేడా ఏమీ కనపడలేదు. కానీ పాపిరస్ వయసు వేరు, దాని మీద రాత వయసు వేరు. రాయని పాత పాపిరస్ ముక్కలు సంపాదించడం అసాధ్యమేం కాదు. వ్యాసం వచ్చిన కొద్దిరోజులకే క్రిస్టియన్ ఆస్కెలాండ్ అదే యజమాని దగ్గరున్న ఇంకో ముక్క ఫొటో చూశారు, అది యోహాను సువార్త ముక్క. రెండింటిదీ ఒకటే చేతిరాత. పైగా 1924లో అచ్చయిన ఒక కాప్టిక్ యోహాను ప్రతిలో లైన్లు ఎక్కడ తెగుతాయో ఇందులోనూ అక్కడే తెగుతున్నాయి. ఆయన ఈ సంగతి బయటపెట్టింది బ్లాగులో. పీర్ రివ్యూ, అంటే తోటి పండితుల పరిశీలన, దాటినదాన్ని బ్లాగు పట్టుకుంది.

మూడోబెంచి

పొరపాటుతో సహా దించేశాడా! పరీక్షలో పక్కవాడి పేపరు కాపీ కొడుతూ వాడి హాల్‌టికెట్ నంబర్ కూడా రాసేసినట్టుంది 😄

సూటిమాట

ఫొటోలు పెట్టడం మంచిదే. కానీ పాతకాగితం గారూ, ఆ పేరు మాటేమిటి? అరచేతిలో సగం కూడా లేని ముక్కకి "యేసు భార్య సువార్త" అని ఎందుకు పేరు పెట్టాలి? లోపల ఎన్ని జాగ్రత్తలు రాసినా జనానికి చేరేది పేరొక్కటే. నీలిసిరా గారు అడుగుతున్న ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. "బహుశా" అనేది శీర్షికలోంచి జారిపోయిందంటే, ఉపన్యాసంలో వందసార్లు అన్నా లాభం లేదు.

నీలిసిరా

శీర్షిక గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. నా ఉపన్యాసానికి నిర్వాహకులు పెట్టిన థంబ్‌నెయిల్‌లో సింహాలు, మంటలు, సిలువలు. డీసియస్ కథలో ముఖ్యమైనది దేవతలకి బలి ఇచ్చామని జనం రాయించుకున్న ఆఫీసు కాగితం. సింహం దగ్గర కూర్చుంటే ఆ కాగితం ఎవరికి కనిపిస్తుంది!

బోధకుడు

నేను పాస్టర్‌ని. ఈ వేదికలో ఎక్కువగా చదువుతాను, తక్కువగా రాస్తాను. విశ్వాసులు తిట్టారన్నారు కాబట్టి రెండు మాటలు చెప్పాలనిపించింది.

సంఘంలో ఉన్నవాళ్లు నిజం వింటే విరిగిపోతారని పండితులు కొందరు అనుకుంటారు, మాలో కొందరు బోధకులూ అలాగే అనుకుంటారు. నా అనుభవం వేరు. మార్కు సువార్త 16వ అధ్యాయంలో 9 నుంచి 20 వరకు ఉన్న వచనాలు సినాయిటికస్, వాటికానస్ అనే గ్రీకు రాతప్రతుల్లో లేవు. ఆ రెండూ 4వ శతాబ్దంవి, మనకున్న అతి ముఖ్యమైన ప్రతుల్లోవి. ఇది రహస్యమేమీ కాదు, ఈమధ్య వచ్చే చాలా బైబిళ్లలో ఆ వచనాలకి బ్రాకెట్లయినా, కింద గమనికైనా ఉంటుంది. ఒక ఆదివారం అదే చదివి, అదే చెప్పాను. సినాయిటికస్ ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు కదా, ఆ పేజీ తెరమీద వేశాను. 8వ వచనంలో స్త్రీలు భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదు అన్నచోట రాత ఆగిపోతుంది, ఆ కాలమ్‌లో మిగతాది ఖాళీ. ఎవరూ లేచిపోలేదు. ఒక పెద్దావిడ "మరి మొదటిసారి ఇది విన్నవాళ్లు ఇంటికెళ్లి ఏమనుకుని ఉంటారు" అని అడిగింది. సెమినరీలో కూడా ఎవరూ నన్ను అలా అడగలేదు.

మమ్మల్ని నొప్పించేది సమాచారం కాదు. "చర్చి ఇన్నాళ్లూ మీ దగ్గర దాచింది" అనే మాట. ఫుట్‌నోట్‌లో అచ్చేసినదాన్ని దాచడం అనరు కదా.

హేతువు

నిలదీసినవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి నేరుగా అడుగుతున్నా. చరిత్రకారులు యేసు ఉన్నాడని ఎందుకు అంత సులువుగా ఒప్పుకుంటారు? విశ్వాసుల మొహమాటం కోసం కాదా?

పాతకాగితం

మొహమాటం కాదు. ఈ రంగంలో పనిచేసేవాళ్లలో ఏ మతం నమ్మనివాళ్లు బోలెడుమంది ఉన్నారు, వాళ్లూ ఒప్పుకుంటారు. పౌలు తన ఉత్తరంలో ప్రభువు సహోదరుడైన యాకోబును కలిశానని రాశాడు, గలతీయులకు రాసిన పత్రిక మొదటి అధ్యాయం చూడండి. తను కలిసిన మనిషి గురించి చెబుతున్నాడు. యూదు చరిత్రకారుడు జోసెఫస్ 93, 94 ప్రాంతంలో రాస్తూ అదే యాకోబు చావు గురించి చెప్పాడు. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ 2వ శతాబ్దం మొదట్లో యేసుకి పడిన మరణశిక్ష గురించి, గవర్నర్ పిలాతు పేరుతో సహా రాశాడు. జోసెఫస్‌లోనే ఇంకోచోట యేసు గురించి ఉన్న పేరాలో క్రైస్తవ లేఖకుల చెయ్యి పడిందని దాదాపు అందరూ అంటారు, అందుకే దాన్ని జాగ్రత్తగా వాడతారు. మనిషి ఉన్నాడనడం వేరు, అద్భుతాలు చేశాడనడం వేరు. మొదటిది చరిత్రకారుడి పని. రెండోదాని మీద తీర్పు చెప్పే పనిముట్టు చరిత్రకారుడి దగ్గర లేదు.

హేతువు

ఇదేదో ముందే ఇలా చెప్పి ఉంటే బాగుండేది. నాకు ఎదురైన జవాబు ఎప్పుడూ "పండితులందరూ ఒప్పుకున్నారు" అనే. అందరూ ఒప్పుకున్నారంటే నాకు ఇంకా అనుమానం వస్తుంది.

మూడోబెంచి

నీలిసిరా గారి ప్రశ్నకి జవాబు హేతువు గారే చెప్పేశారు, గమనించారా?

లైబ్రరీ_లత

నాది లైబ్రరీ ఉద్యోగం, పాఠకుల కోసం చర్చలు పెడుతుంటాను. తొలి క్రైస్తవం అనగానే ఎవరో ఒకరు కచ్చితంగా అడిగేది, "325లో నైసియా సభలో ఓట్లేసి ఏ సువార్తలు ఉంచాలో తేల్చారట కదా?" అని.

అది బిషప్పుల సభ, అక్కడ తేలింది వేరే. కుమారుడికీ తండ్రికీ సంబంధం గురించి ఆరియస్ వివాదం, ఈస్టర్ తేదీ, సంఘాల క్రమశిక్షణకి 20 నియమాలు. బైబిల్లో ఏ పుస్తకాలుండాలి అన్నదాని మీద ఆ సభ నిర్ణయం ఏదీ లేదు. ఇప్పుడున్న 27 కొత్త నిబంధన పుస్తకాలనే సరిగ్గా లెక్కపెట్టి చెప్పిన మొదటి జాబితా మనకి దొరికింది 367లో, అలెగ్జాండ్రియా బిషప్ అథనేసియస్ రాసిన ఈస్టర్ ఉత్తరంలో. అది కూడా ఆయన సంఘాలకి ఆయన రాసుకున్నది.

మరి ఈ ఓట్ల కథ ఎక్కడిది? 9వ శతాబ్దం చివర గ్రీకులో వచ్చిన ఒక సభల చరిత్రలో ఉంది: పుస్తకాలన్నీ కలిపి బల్ల దగ్గర పెట్టి ప్రార్థన చేస్తే అసలువి బల్ల మీద మిగిలాయట, నకిలీవి కిందికి వెళ్లాయట. దాన్ని 18వ శతాబ్దంలో వోల్టేర్ బాగా ప్రచారంలోకి తెచ్చాడు. నేను ఈ కథంతా చెబితే జనం ఎంత శ్రద్ధగా వింటారో! "అది తప్పు, కూర్చోండి" అంటే మాత్రం ఎవరూ నమ్మరు. తప్పు ఎక్కడ పుట్టిందో చూపిస్తేనే వదులుతారు.

రెండోడ్రాఫ్ట్

లత అక్కా, ఆ బల్ల కథ నాకు తెలీదు. రేపు సెమినార్‌లో వాడేస్తా.

లైబ్రరీ_లత

వాడుకో తమ్ముడూ. ఇంకోటి కూడా తీసుకెళ్లు. నాగ్ హమ్మాది ప్రతులు, అంటే ఈజిప్టులో బయటపడ్డ పాత కాప్టిక్ పుస్తకాలు, 1945లో ఎలా దొరికాయన్న కథ ప్రతి ఉపన్యాసంలో ఉంటుంది: ఎరువు మట్టి తవ్వుతున్న రైతు, జాడీ, అందులో భూతం ఉందేమోనన్న భయం, వాళ్లమ్మ పొయ్యిలో కొన్ని పేజీలు కాల్చేయడం, పగ తీర్చుకోవడం. వినడానికి ఎంత బాగుంటుందో. ఆ కథ ఒక్కోసారి ఒక్కోలా ఉందనీ, అంత నమ్మకంగా చెప్పలేమనీ 2013లో మార్క్ గుడేకర్, 2014లో నికోలా డెంజీ లూయిస్, జస్టీన్ బ్లౌంట్ రాశారు. 13 కోడెక్సులు (చేత్తో రాసి కుట్టిన పాత పుస్తకాలు) నిజం, అందులోని రచనలు నిజం. జాడీ కథ మాత్రం పండితులు చెప్పగా జనంలోకి వెళ్లింది. జనం పుట్టించింది కాదు.

పాతకాగితం

లత గారు చెప్పినదానికి తోడు పీ52 సంగతి. మాంచెస్టర్ జాన్ రైలాండ్స్ లైబ్రరీలో ఉన్న యోహాను సువార్త పాపిరస్ ముక్క. ఎత్తు 9 సెంటీమీటర్లు, వెడల్పు 6, దానిమీద యేసు పిలాతు ముందు నిలబడిన ఘట్టంలోని కొన్ని లైన్లు. 1935లో సి. హెచ్. రాబర్ట్స్ చేతిరాత పోల్చి 2వ శతాబ్దం మొదటి సగం అన్నారు. అది మెల్లగా "125 నాటిది" అని గట్టిపడిపోయింది, పోస్టర్ల మీదకెక్కింది. 2005లో బ్రెంట్ నాంగ్‌బ్రీ ఇంకా ఎక్కువ పత్రాలతో పోల్చి, చేతిరాతని బట్టి 2వ శతాబ్దం చివర, 3వ శతాబ్దం మొదలు కూడా సాధ్యమేనని చూపించారు. చేతిరాతకి పుట్టినతేదీ ఉండదు. యాభై, వంద ఏళ్ల ఖాళీ ఎప్పుడూ వదలాలి.

దీనికన్నా నాకు బాధ కలిగించింది "మొదటి శతాబ్దపు మార్కు" వ్యవహారం. 2012లో జనం నిండిన ఒక డిబేట్‌లో, అచ్చుకాని ఒక ముక్క గురించి మొదటి శతాబ్దంలో రాసిన మార్కు సువార్త ప్రతి దొరికిందని ప్రకటించారు. చూడ్డానికి ఫొటో లేదు, ఎక్కడుందో చెప్పరు. ప్రసంగాల్లోకి పాకిపోయింది. 2018లో, ఈజిప్టులోని ఆక్సిరింకస్‌లో దొరికిన పాపిరస్‌ల సంపుటంలో అచ్చయ్యేసరికి దాని తేదీ 2వ శతాబ్దం చివరో 3వ శతాబ్దం మొదలో. అది కూడా చాలా విలువైన ముక్కే. కానీ అప్పటికే విన్నవాళ్లకి అదొక నిరాశలా కనపడింది. ఇది చేసింది మతానికి వ్యతిరేకులు కాదు, కింగ్‌లాంటి సంచలనం అటుపక్కా ఉంది, ఇటుపక్కా ఉంది.

బోధకుడు

ఆ ముక్క గురించి నేనూ వేదికల మీద విన్నాను. పాతకాగితం గారు రాసినదాంట్లో "ఫొటో లేదు" అన్న మాటని మా వాళ్లకి నేర్పాలి. ఏదైనా గొప్ప వార్త వింటే, ముందు ఫొటో ఎక్కడుంది, ఎక్కడ అచ్చయింది అని అడగమని.

రెండోడ్రాఫ్ట్

సీనియర్ చెప్పిన ఉద్యోగం మాట ఎవరూ ఎత్తట్లేదు. అది నిజం కదా? ఇంటర్వ్యూలో అడిగేది పుస్తకం, జర్నల్ వ్యాసాలు. ఆ పుస్తకం కొన్ని వందల ప్రతులు అచ్చయి లైబ్రరీల్లో చేరుతుంది. వీడియో వేలమంది చూసినా నా రెజ్యూమెలో చివరి పేజీలో ఒక లైను. నాకు జనంతో మాట్లాడాలని ప్రాణం కొట్టుకుంటుంది, కానీ అద్దె కట్టాలి.

సూటిమాట

అందుకే ముందు పుస్తకం. కొత్త నిబంధన పండితుడు బార్ట్ ఎర్మన్‌ని చూడండి. లేఖకులు సిద్ధాంత వివాదాల కోసం వచనాలు మార్చారన్న వాదనని 1993లో పూర్తిగా పండితుల కోసం రాశారు, అందులో గ్రీకు లేని పేజీ వెతుక్కోవాలి. అదే విషయం జనం కోసం 2005లో. రెండింటి మధ్య 12 ఏళ్లు. రెండోది బెస్ట్ సెల్లర్ అయ్యింది, వెనక మొదటిది ఉంది కాబట్టి ఎవరూ "నీకేం తెలుసు" అనలేకపోయారు.

పాతకాగితం

అనలేదా! బాగానే అన్నారు. రాతప్రతుల్లో తేడాల సంఖ్య కొత్త నిబంధనలోని మొత్తం మాటలకన్నా ఎక్కువ అన్నది ఆయన పుస్తకంలో అందరికీ గుర్తుండిపోయిన వాక్యం. అది నిజమే. గ్రీకు కొత్త నిబంధనలో సుమారు 1,38,000 మాటలుంటే, తేడాలు స్పెల్లింగ్‌వి వదిలేసినా 5 లక్షల దాకా ఉంటాయని 2016లో పీటర్ గరీ లెక్కకట్టారు. కానీ వాటిలో అత్యధికం అర్థాన్ని ఏమీ మార్చనివి. ఈ మాట ఎర్మన్ కూడా అదే పుస్తకంలో రాశారు. మనసులో నిలిచింది మొదటిది, జారిపోయింది రెండోది. ప్రతులు వేలల్లో దొరికాయి కాబట్టే తేడాలూ లక్షల్లో కనపడుతున్నాయి, ఒక్క ప్రతే మిగిలి ఉంటే తేడా ఒక్కటీ ఉండేది కాదు. ఇది కలిపి చెప్పని అంకె నా దృష్టిలో సగం అబద్ధమే, లెక్క ఎంత సరిగ్గా ఉన్నా.

లైబ్రరీ_లత

ఎర్మన్ గురించి ఒక మంచి మాట కూడా ఉండాలి ఇక్కడ. 2012 నుంచి బ్లాగు నడుపుతున్నారు, వారానికి ఐదారు పోస్టులు, సభ్యుల ప్రశ్నలకి జవాబులు. సభ్యత్వం డబ్బు ఆకలితో ఉన్నవాళ్ల కోసం, ఇల్లులేనివాళ్ల కోసం పనిచేసే సంస్థలకి వెళ్తుంది. రోజూ వచ్చే ప్రశ్నకి రోజూ జవాబు చెప్పడం చిన్న పని కాదు.

గడియారం

నేను పండితుడినీ కాదు, పాస్టర్నీ కాదు, రాత్రి డ్యూటీలో చెవిలో ఇవే వింటూ ఉంటాను. నీలిసిరా గారూ, మీ ఉపన్యాసం నేను విన్నాను.

మొదటి ఇరవై నిమిషాలు సగం చెవితో విన్నా, నిజం చెప్పాలి. డీసియస్ ఎప్పుడు గద్దెనెక్కాడు, ఎందుకు ఆ ఆజ్ఞ ఇచ్చాడు, పండితులు ఏమన్నారు. తర్వాత ఒక కాగితం ఫొటో పెట్టారు. 72 ఏళ్ల ముసలాయన, కుడి కనుబొమ్మ మీద మచ్చ. అక్కడ ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. కనుబొమ్మ మీద మచ్చ ఎందుకు రాశారు, ఆఫీసువాడు గుర్తుపట్టడానికా? ఆయన క్రైస్తవుడా కాదా? మీరు "తెలీదు, తెలుసుకునే దారి కూడా లేదు" అన్నారు. ఆ మాటకి నాకు మీ మీద నమ్మకం పెరిగింది. దానికి ముందు మీరు చెప్పిన ఏ కచ్చితమైన మాటకీ అంత పెరగలేదు.

"బహుశా" అంటే మేం లేచిపోం. ఎందుకు బహుశానో చెప్పకపోతే లేచిపోతాం. కాగితం చూపించి, ఇందులో ఇది ఉంది, ఇది లేదు, కాబట్టి ఇంతవరకే అనగలను అంటే అది వినడానికి డిటెక్టివ్ కథకన్నా బాగుంటుంది.

మూడోబెంచి

+1. నాకూ ఆ మచ్చే గుర్తుంది.

సూటిమాట

గడియారం గారి మాట బాగుంది. అయినా ఒక ఇబ్బంది. ఒక్క కాగితం చూపిస్తే ఆ ఒక్కటే మొత్తం కథ అనుకుంటారు. కాండిడా మాస్ 2013లో రాసిన పుస్తకం పేరు "హింస అనే మిథ్య" అన్నట్టుగా ఉంటుంది. లోపల ఆవిడ క్రైస్తవుల్ని చంపలేదని ఎక్కడా అనలేదు. నిరంతరంగా మూడు వందల ఏళ్లు వేటాడారన్న నమ్మకం తప్పంటుంది, హతసాక్షుల కథలు చాలావాటిని తర్వాత పెంచి రాశారంటుంది. అది చాలామంది చరిత్రకారులకి కొత్తేం కాదు. 112 ప్రాంతంలో రోమన్ గవర్నర్ ప్లినీ చక్రవర్తి ట్రాజన్‌కి రాసిన ఉత్తరంలోనే ఉంది కదా: తన ముందుకొచ్చినవాళ్లని మూడుసార్లు అడిగి, మొండికేస్తే చంపించాడు. ట్రాజన్ జవాబు, వెతికి పట్టుకోవద్దు అని. రెండూ ఒకే ఉత్తరప్రత్యుత్తరంలో ఉన్నాయి. "వెతకలేదు" అన్నది మాత్రమే చూపిస్తే ఒక కథ, "చంపించాడు" అన్నది చూపిస్తే ఇంకో కథ.

నీలిసిరా

సూటిమాట గారూ, అందుకే నాకు డీసియస్ కాగితాలంటే అంత ఇష్టం. వాటిలో రెండు కథలూ ఒకే చోట ఉన్నాయి. వినని వాళ్ల కోసం కొంచెం రాస్తాను.

249 చివర్లో డీసియస్ ఒక ఆజ్ఞ ఇచ్చాడు, సామ్రాజ్యంలో అందరూ దేవతలకి బలి అర్పించాలని. ఆ ఆజ్ఞ పాఠం మనకి దొరకలేదు. దొరికినవి బలి ఇచ్చినట్టు తీసుకున్న సర్టిఫికెట్లు, ఈజిప్టు ఇసుకలో 40కి పైగా, అన్నీ 250లోవి. గడియారం గారు చెప్పినది బెర్లిన్‌లో ఉంది, 1893లో అచ్చయింది. అలెగ్జాండర్ ద్వీపం అనే ఊరివాడు, సతబూస్ కొడుకు అరేలియస్ డయోజెనీస్, 72 ఏళ్లు, కుడి కనుబొమ్మ మీద మచ్చ. నేనెప్పుడూ దేవతలకి బలులిస్తూనే ఉన్నాను, ఇప్పుడు మీ ఎదుట ఆజ్ఞ ప్రకారం బలి ఇచ్చి, పానీయం ధారపోసి, బలిమాంసం రుచి చూశాను, ధ్రువీకరించమని కోరుతున్నాను అని దరఖాస్తు. కింద సాక్షి సంతకం, తేదీ. అవును, మచ్చ గుర్తుపట్టడానికే. అప్పటి ఈజిప్టు పత్రాల్లో మనిషిని అలాగే గుర్తు రాసేవాళ్లు.

ఇలాంటిదే ఇంకోటి ఉంది, అది చూస్తే ఎవరైనా ఆగిపోవాల్సిందే. అరేలియా అమ్మోనూస్ అనే ఆవిడ, మొసలి దేవుడు పెటెసూఖోస్ గుడిలో పూజారిణి. జీవితమంతా దేవతల సేవలో ఉన్న మనిషి! ఆవిడా దరఖాస్తు పెట్టుకుని సర్టిఫికెట్ తీసుకుంది. కాబట్టి ఈ ఆజ్ఞ క్రైస్తవులని అనుమానించినవాళ్లకి మాత్రమే కాదు. దొరికిన కాగితాల్లో క్రైస్తవుల పేరెత్తి చేసిన నిందా లేదు.

ఇది విన్నవాళ్లు కొందరు "అయితే హింస లేదన్నమాట" అంటారు. లేకపోవడమేమిటి! 250 జనవరిలోనే రోమ్ బిషప్ ఫేబియన్ చనిపోయాడు. కార్తేజ్ బిషప్ సిప్రియన్ అజ్ఞాతంలోకి వెళ్లాడు. బలి ఇవ్వడానికి ఒప్పుకోనివాళ్లని జైల్లో పెట్టారు, హింసించారు. ఇంకో రకంవాళ్లు ఉన్నారు, వీళ్ల గురించి ఆలోచిస్తే నాకు నిద్రపట్టదు: బలి ఇవ్వకుండా, అధికారికి డబ్బిచ్చి కాగితం మాత్రం కొనుక్కున్నవాళ్లు. పిల్లలున్నవాళ్లు, పొలాలున్నవాళ్లు. తర్వాత వాళ్లని సంఘంలోకి తిరిగి రానివ్వాలా వద్దా అని ఏళ్ల తరబడి గొడవ, సిప్రియన్ ఉత్తరాల నిండా అదే. అందరికీ కలిపి ఇచ్చిన ఆజ్ఞ ఒక వర్గం మెడకి ఎలా ఉరి అవుతుందో ఆ గొడవలో కనిపిస్తుంది.

"హింస లేదు" అంటే డయోజెనీస్ కాగితం ఎందుకు పుట్టిందో చెప్పలేం. "క్రైస్తవుల్ని వేటాడటానికే" అంటే అమ్మోనూస్ కాగితం ఎందుకు పుట్టిందో చెప్పలేం. నాకు రెండు కాగితాలూ కావాలి.

బోధకుడు

కాగితం కొనుక్కున్నవాళ్ల గురించి ఆ వీడియోలో చెప్పారా? నాకు గుర్తులేదు.

నీలిసిరా

లేదండీ, టైమ్ చాల్లేదు. డీసియస్ వంశం, యుద్ధాలు చెప్పేసరికి అయిపోయింది.

గడియారం

వంశం తీసేయండి!

లైబ్రరీ_లత

తీసేయండి. డేట్లు, వంశాలు కావాలంటే మేం చదువుకుంటాం. మీలా ఆ కాగితాన్ని చదవగలిగినవాళ్లు ఎంతమంది ఉన్నారు?

హేతువు

నేను తిట్టింది వెనక్కి తీసుకోను, అప్పుడు మీరు సూటిగా చెప్పలేదన్నది నా అభిప్రాయం. కానీ పైన రాసిన ఈ పోస్టులాంటిదే వీడియోలో ఉంటే ఆ కామెంట్ పెట్టేవాడిని కాదు.

పాతకాగితం

రెండోడ్రాఫ్ట్‌కి ఒక మాట, థ్రెడ్‌లో మునిగిపోకముందే. పుస్తకం పక్కన పెట్టకు, సూటిమాట గారు చెప్పింది ఉద్యోగం విషయంలో సరైనదే. కానీ బయట మాట్లాడటం వల్ల పరిశోధనకి నష్టమని మాత్రం అనుకోకు. బోధకుడు గారి సంఘంలో పెద్దావిడ అడిగిన ప్రశ్న చూశావుగా, మార్కు ముగింపు మీద పీహెచ్‌డీకి సరిపడే ప్రశ్న అది. మొదటి శ్రోతలు ఆ నిశ్శబ్దాన్ని ఎలా విన్నారు అన్నది. నెలకొక ఉపన్యాసం ఇవ్వు, అదీ నీ థీసిస్‌లో ఉన్న పత్రం మీదే ఇవ్వు. రెండు పనులు కాకుండా ఒకే పని అవుతుంది.

రెండోడ్రాఫ్ట్

నెలకొకటి అంటే చెయ్యగలను. థ్యాంక్స్ అన్నా.

సూటిమాట

దానికి నేనూ ఒప్పుకుంటా. అచ్చుకాని పత్రం మీద మాత్రం వద్దు.

నీలిసిరా

సరే, డీసియస్ మీద ఇంకోసారి మాట్లాడతాను. శీర్షిక, థంబ్‌నెయిల్ నేనే ఇస్తానని నిర్వాహకులకి ఇప్పుడే మెసేజ్ పెట్టాను. శీర్షిక: "250: బలి ఇచ్చామని రాయించుకున్న ఇద్దరు". బొమ్మ డయోజెనీస్ కాగితం. మొదలుపెట్టడమే ఆ ఆజ్ఞ పాఠం మన దగ్గర లేదన్న మాటతో, అది లేకుండా ఎలా నడుచుకుంటూ వెళ్తామో ఆ తర్వాత. కాగితం కొనుక్కున్నవాళ్లకి చివర్లో సగం టైమ్.

బోధకుడు

మా యౌవనస్తుల మీటింగ్‌లో అందరం కలిసి చూస్తాం. ప్రశ్నలు ముందే పంపొచ్చా? తిరిగొచ్చినవాళ్లని సంఘం ఎలా చేర్చుకుంది అన్నది మా పిల్లలు తప్పకుండా అడుగుతారు.

నీలిసిరా

పంపండి. సిప్రియన్ ఉత్తరాల్లోంచి ఒకటి తెరమీద పెడతాను, దాన్నిబట్టే చెబుతాను. సంఘాలన్నీ ఒకేలా చేర్చుకోలేదు. రోమ్‌లో నొవేషియన్ అనే నాయకుడు ససేమిరా అన్నాడు, ఆ ప్రశ్న మీద సంఘం చీలింది.

హేతువు

నేను కూడా ప్రశ్న పంపొచ్చా, లేక సంఘంవాళ్లకేనా?

బోధకుడు

మీది ముందు అడగమంటాను.